విజిల్ కొరికిన కోచ్

కోచ్ పన్ను విరిగిన రోజున అతను ఎవరితోనూ కొట్లాడలేదు. మెట్ల మీంచి జారిపడలేదు. ఈతకొలను గట్టు మీద బుద్ధిగా నిలబడి, నోట్లో స్టీలు విజిల్ పెట్టుకుని, తన శిష్యురాలు గెలవడం చూస్తున్నాడు. అంతే.

ఆ శిష్యురాలిని కాలేజీ మొత్తం కప్ప అంటుంది. తిట్టు కాదు, బిరుదు. బ్రెస్ట్ స్ట్రోక్‌లో ఆ పిల్ల కాళ్లు విదిలించే తీరు చూస్తే అసలు కప్పలు కూడా ట్యూషన్‌కి వస్తాయని కోచ్ అందరితో గొప్పలు చెప్పుకుంటాడు. ఆ రోజు కాలేజీల మధ్య పోటీలో కప్ప అందరికంటే ముందొచ్చి గోడ తాకింది. గట్టు మీద టీం పిల్లలు ఎగిరి గంతేశారు. కోచ్ కూడా సంతోషం పట్టలేక ఒక కాలు గాల్లోకి లేపాడు.

ఆ కాలు కిందికి దిగేలోగా, లేన్ చివర తెల్లచొక్కా వేసుకుని నిలబడ్డ ఒకమ్మాయి తాపీగా కుడిచెయ్యి పైకెత్తింది.

ఈత పోటీల్లో జడ్జి చెయ్యెత్తిందంటే ఎవరినో దీవిస్తోందని కాదు, ఎవరి కొంపో ముంచిందని. 'ఈ లేన్‌లో తప్పు జరిగింది, నేను చూశాను' అని దానర్థం. కప్ప ఆత్రం కొద్దీ చివర్లో ఒక చెయ్యే గోడకి ఆనించింది. రెండోది నీళ్లలోనే ఉండిపోయింది. రూలు ప్రకారం రెండూ ఒకేసారి తగలాలి. బంగారు పతకం కాస్తా నీళ్లపాలైంది.

కోచ్ పళ్లు కొరికాడు. మామూలు మనుషులు పళ్లు కొరికితే ఏమీ కాదు. పళ్ల మధ్య స్టీలు విజిల్ ఉన్నవాళ్లు మాత్రం కొరక్కూడదు. టక్కుమని చప్పుడైంది.

"మేడమ్, మీరు నిజంగా చూశారా?" అన్నాడు అరచేత్తో నోరు మూసుకుని, ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి.

"చూడకపోతే ఎత్తను."

"అన్ని నీళ్లు చిందాయి కదండీ! ఆ చిందులో మీకెలా కనపడింది?"

"చిందులోంచి చూడటమే నా పని."

"ఆ పిల్ల ఏడుస్తోంది."

"అదీ కనపడింది" అంది ఆ అమ్మాయి. గొంతు కొంచెం మెత్తబడింది. "మీ వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతోంది. అది కూడా కనపడుతోంది. వెళ్లి డాక్టర్ని కలవండి."

"ముందు మీరు కళ్ల డాక్టర్ని కలవండి" అని ఒక జవాబు విసిరేసి కోచ్ వెనక్కి తిరిగాడు. జవాబు బాగానే కుదిరింది. విరిగిన పన్ను సందులోంచి ఈలతో పాటు రావడం వల్ల దాని పరువు పోయింది.

కోచ్ మాత్రం ఏం తక్కువ తిన్నాడు గనక! తన రోజుల్లో అతనూ ఈతగాడే. ఎప్పుడూ నాలుగో స్థానం. మూడు మెట్లున్న పీట పక్కన నిలబడి మిగతావాళ్లకి చప్పట్లు కొట్టీ కొట్టీ, ఇక ఇలా లాభం లేదని కోచింగులో దిగాడు. కాలేజీలో ఉద్యోగమొచ్చిన కొత్తలో కొలనులో మనుషులకంటే ఆకులే ఎక్కువ ఉండేవి. టీంలో ఇద్దరే పిల్లలు, అందులో ఒకడికి నీళ్లంటే భయం. ప్రిన్సిపాల్ ఆ ప్రాక్టీసుని 'స్నానాలు' అనేవాడు. "మా వాడు పిల్లల్ని నీళ్లలో నానబెడతాడండీ" అని అమ్మ అందరికీ చెప్పేది.

ఆకులు ఏరి, టైల్స్ తోమి, చలిలో పిల్లల్ని బతిమాలి, అతను ఆ స్నానాల్ని ఈతగా మార్చాడు. ఒక్క కోరిక మాత్రం తీరలేదు. ఫైనల్స్‌లో బంగారం వస్తే టీం పిల్లలు కోచ్‌ని బట్టల్తో సహా ఎత్తి నీళ్లలో పడేయడం ఆ కాలేజీలన్నిట్లో ఆనవాయితీ. అందుకని కోచ్ ప్రతి ఫైనల్స్‌కీ ఒక పొడి జత మడతపెట్టి సంచిలో తీసుకెళ్లేవాడు. ప్రతిసారీ ఆ మడత నలగకుండా ఇంటికి తెచ్చేవాడు.

"ఈసారీ పొడిగానే వచ్చావట్రా?" అనేది అమ్మ. ఎగతాళి కాదు. ఆవిడకీ దిగులే.

* * *

మర్నాడు కోచ్ కాలేజీ ఎదురుగా ఉన్న పళ్ల క్లినిక్ మెట్లెక్కాడు. కుర్చీ వెనక్కి వాలింది. మొహం మీద లైటు వెలిగింది. మాస్కు కట్టుకున్న డాక్టరమ్మ పైనుంచి వంగి చూసింది.

"ఎలా విరిగింది?"

"విజిల్ కొరికానండీ."

"ఎందుకు కొరికారు?"

"ఒక గుడ్డి జడ్జి వల్ల."

డాక్టరమ్మ మాస్కు కిందికి లాగింది. కోచ్ గుండె ఆ కుర్చీ కంటే కిందికి జారింది. లేవబోయాడు.

"లేవకండి. చేతిలో సూది ఉంది" అంది డాక్టరమ్మ చల్లగా. "నోరు పెద్దగా తెరవండి. నిన్న తెరిచారే, అలాగ."

నోరు తెరిచినవాడు వాదించలేడు. ఈ సంగతి పళ్ల డాక్టర్లకి బాగా తెలుసు. ఆమె దూది కుక్కి, రెండు చేతులూ ఒకేసారి ఎందుకు తగలాలో, ఒక చెయ్యే చాలంటే పక్క లేన్ పిల్లకి ఎంత అన్యాయమో తీరిగ్గా పాఠం చెప్పింది.

"ఇప్పుడు చెప్పండి. మీ అమ్మాయి ఒక చేత్తో తాకిందా, లేదా?"

"ఆఁ... ఆఁ..."

"ఒప్పుకున్నారు. థాంక్స్."

కోచ్ కళ్లతో అభ్యంతరం చెప్పాడు. ఆ కళ్లకి అంత దగ్గర్లో ఆమె కళ్లున్నాయి. లైటు మొహాన కొట్టడం వల్లనో మరెందువల్లనో, చెప్పాల్సిన అభ్యంతరం ఏమిటో అతనికి గుర్తు రాలేదు.

"మీరనుకుంటున్నారు నాకు మనసు లేదని" అంది డాక్టరమ్మ పన్ను అరగదీస్తూ. "నేనూ ఈదేదాన్ని. కాలేజీలో ఉండగా ఫైనల్స్‌లో ఫస్ట్ వచ్చాను. పైకి చూస్తే జడ్జి చెయ్యెత్తి ఉన్నాడు. ఎవరో తెలుసా? మా నాన్న."

కోచ్ నోరు మరింత తెరుచుకుంది.

"అలాగే ఉంచండి, బాగుంది. ఇంటికెళ్లాక ఆయన ఏమన్నారనుకున్నారు? కాఫీ తాగుతావా అన్నారు. నేను నెలంతా మాట్లాడలేదు. తర్వాత ఆలోచిస్తే, ఆయన ఏం చూశారో నాకూ చూడాలనిపించింది. అందుకే జడ్జి పరీక్ష రాశాను. వారమంతా పళ్లు, ఆదివారం చేతులు. ఇక పుక్కిలించండి."

పుక్కిలించాక కోచ్‌కి మాటొచ్చింది. "మీ నాన్నగారు ఇప్పుడేం చేస్తున్నారు?"

"బయట పేపరు చదువుతున్నారు."

బయట బెంచీ మీద చేతికర్ర ఆనించుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఒకప్పుడు పోటీల్లో అందరూ ఆయన్ని పెద్ద రెఫరీ అనేవాళ్లు. కోచ్‌ని ఎగాదిగా చూసి, "నువ్వేనా పన్ను?" అన్నాడు. ఆనాటి నుంచి ఆయన నోట్లో కోచ్ పేరు పన్నే.

పన్నుకి తొడుగు వేయడం రెండు విజిట్ల పని. కోచ్ ఎన్నిసార్లు వెళ్లాడో కాంపౌండరుకి కూడా లెక్క తప్పింది. ఒకసారి కొరికితే నొప్పంటాడు, ఇంకోసారి కొరక్కపోతే నొప్పంటాడు.

"మీకు రోగం పంట్లో లేదు" అంది డాక్టరమ్మ చివరికి. "ఇదిగో, ఈ ప్లాస్టిక్ విజిల్ వాడండి. స్టీలుది మళ్లీ కొరికారంటే తొడుగు ఊడి చేతిలోకొస్తుంది. అప్పుడు నా దగ్గరికి రాకండి."

"వస్తే ఏం చేస్తారు?"

"చెయ్యెత్తుతాను."

కోచ్ గారి పంటి ముచ్చట టీంకి తెలియడానికి ఎంతో సేపు పట్టలేదు. ఒక్కొక్కరికీ పంటి నొప్పులు మొదలయ్యాయి. ముందు పడవ వెళ్లాడు. వాడు ఫ్రీస్టైల్ పిల్లాడు, ఆకారం వల్ల ఆ పేరు. "మా సార్ చాలా మంచోడు మేడమ్, కోపం వచ్చినా కొట్టడు" అని కుర్చీలో కూర్చుని సిఫారసు చేశాడు. డాక్టరమ్మ వెతికి మరీ వాడికి ఒక నిజం పుచ్చు పన్ను పట్టుకుని పీకేసింది. దాంతో మిగతావాళ్ల నొప్పులు ఎక్కడివక్కడ తగ్గిపోయాయి.

కప్ప మాత్రం వెళ్లింది. నొప్పని చెప్పలేదు.

"మేడమ్, మీరు చెయ్యెత్తినందుకు నాకు మీ మీద బోలెడు కోపం. అయినా అడుగుతున్నా. రెండు చేతులూ ఒకేసారి తగలాలంటే ఏం చేయాలి?"

డాక్టరమ్మ పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్నదారం ఒక ఉండ తీసి బ్యాగులో వేసుకుంది. "ఆదివారం పోటీలేం లేవు. మీ కొలను దగ్గరికి వస్తాను" అంది.

* * *

ఆమె పద్ధతి చూసి కోచ్ నోరెళ్లబెట్టాడు. కప్ప రెండు బొటనవేళ్లకీ కలిపి ఆ దారం వదులుగా చుట్టింది. గోడకి కాస్త దూరంలోంచి కాళ్లతో తోసుకుంటూ వచ్చి తాకమంది. చేతులు విడితే దారం తెగుతుంది. తెగితే మళ్లీ మొదటికి.

"ఇన్నేళ్లుగా నేను గొంతు చించుకుంటున్నా ఇది తోచలేదే!" అన్నాడు కోచ్.

"మీరు గొంతు చించుకుంటారు. తెగాల్సింది దారం."

అలా ఆదివారాలు గడిచాయి. కప్ప చేతుల్లో దారం తెగడం తగ్గింది. 'మీరు' ఎప్పుడు పోయిందో, 'నువ్వు' ఎప్పుడు వచ్చి కూర్చుందో ఇద్దరిలో ఎవరూ చెప్పలేరు. ప్రాక్టీసయ్యాక ఇద్దరూ గట్టు మీద కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టి కాఫీ తాగేవాళ్లు. పిల్లలు అటువైపు చూడనట్టు చూసేవాళ్లు.

ఒక ఆదివారం కోచ్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. సంగతి చెప్పేద్దామని ముందురోజు అద్దం ముందు నిలబడి కంఠతా పట్టాడు. అతని వెనక అమ్మ నిలబడి విని, "మధ్యలో ఆ ఇంగ్లీషు ముక్క తీసేయరా, బాగోలేదు" అని దిద్దింది కూడా. పడవా కప్పా మిగతావాళ్లని తోలుకుని పంపు గది వెనక నక్కారు.

సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. కొలను మీద చినుకులు పడితే నీళ్లకి చక్కిలిగింతలు పెట్టినట్టు ఉంటుంది. డాక్టరమ్మ గొడుగు విప్పింది. కోచ్ అందులోకి దూరాడు. అది ఒక మనిషికి సరిపడే గొడుగు, ఆ సంగతి ఇద్దరికీ ఇబ్బందిగా లేదు.

"నీతో ఒక మాట..." అన్నాడు కోచ్.

ఆమె ఫోన్ మోగింది.

ఎత్తి మాట్లాడుతుండగానే ఆమె మొహం వెలిగిపోయింది. పెట్టేసి, గొడుగుతో సహా ఒక గంతు వేసింది. కోచ్ సగం తడిశాడు.

"ఫైనల్స్‌కి నన్ను చీఫ్ రెఫరీగా వేశారు! నాన్న కూర్చున్న కుర్చీ! ఆయన జుట్టు నెరిశాక గానీ ఇవ్వలేదు దాన్ని. నాకు అప్పుడే!"

కోచ్ నిజంగా సంతోషించాడు. సంతోషం సగంలో ఉండగా, పెద్ద రెఫరీ రోజుల్లో లేని కొత్త రూలు ఒకటి గుర్తొచ్చింది. ఫైనల్స్ ఉదయం అధికారులనీ కోచ్‌లనీ కూర్చోబెట్టి అడుగుతారు, ఏ టీంతోనైనా మీకు బంధుత్వం గానీ అలాంటిది గానీ ఉందా అని. ఉంటే కుర్చీ దిగాలి.

"ఏదో చెప్పబోయావు?" అంది ఆమె. కళ్లలో అల్లరి. ఆ మాట ఏమిటో ఆమెకి తెలుసు. పంపు గది వెనకవాళ్లకీ తెలుసు.

"ఏం లేదు" అన్నాడు కోచ్.

"ఏం లేదా?"

"ఇప్పుడు లేదు. ఆ మీటింగులో అడుగుతారు కదా నీకు మా కాలేజీతో ఏమైనా ఉందా అని. లేదని చెప్పు. నిజమే కదా! ఇప్పటికి మనం ఏమవుతాం? ఏమీ కాం. ఫైనల్స్ అయ్యాక చూసుకుందాం."

తను గొప్ప త్యాగం చేస్తున్నానని అతని ఉద్దేశం. మొహం కూడా దానికి తగ్గట్టే పెట్టాడు.

డాక్టరమ్మ కళ్లలో అల్లరి ఆరిపోయింది.

"అంటే నన్ను దాచుకోమంటావు. నీళ్ల కింద రెండో చెయ్యిలాగ."

"అది కాదు..."

"నువ్వింకా చెప్పనే లేదు. చెప్పకముందే దాచమంటున్నావు. నా కుర్చీ కోసం నాచేత అబద్ధం ఆడించి, ఆ కుర్చీలో కూర్చుని నీ పిల్లల మీద చెయ్యెత్తమంటావా? ఎలా ఎత్తనూ? ఎత్తకుండా ఎలా ఊరుకోనూ?"

గొడుగు ఆమెది. ఆమెతోపాటే వెళ్లిపోయింది. కోచ్ వానలో నిలబడ్డాడు. పంపు గది వెనక నుంచి పడవ గొంతు వినపడింది. "సార్ ఇలాంటి తెలివితక్కువోడని నేను మేడమ్‌కి చెప్పలేదే!"

* * *

ఆ తర్వాత క్లినిక్‌కి వెళ్తే కాంపౌండరు తల అడ్డంగా ఊపాడు. ఫైనల్స్ అయ్యేదాకా మేడమ్‌కి ఖాళీ లేదట. బెంచీ మీద పెద్ద రెఫరీ పేపరు దించాడు.

"పన్నూ, ఇలా కూర్చో."

కోచ్ కూర్చున్నాడు.

"మా అమ్మాయి ఎవరి మీద చెయ్యెత్తినా సాయంత్రం నాకు పూస గుచ్చినట్టు చెప్తుంది. ఈమధ్య అన్నం దగ్గర కూడా మాట్లాడట్లేదు. ఏం చేశావు?"

"ఆవిడ మంచికోసమే సార్..."

"ఆ ముక్క ఎవడన్నా నాకు అనుమానమే." ఆయన మళ్లీ పేపరు ఎత్తాడు. "సొంత కూతురి తప్పు చూసినవాణ్ణయ్యా నేను. రేపు ఎవడైనా అల్లుడిగా వస్తానన్నా, వాణ్ణీ వదలను. అంత మాత్రం గుర్తుపెట్టుకో."

కోచ్ ఇంటికెళ్లాడు. ఆమె మీద కోపం, తన మీద కోపం, ఏ కోపం ఎటు పోవాలో తెలియక, ప్లాస్టిక్ విజిల్ సొరుగులో పడేసి పాత స్టీలు విజిల్ తీసి మెళ్లో వేసుకున్నాడు.

"అదెందుకురా మళ్లీ?" అంది అమ్మ.

"నా ఇష్టం."

"నీ పన్ను, నీ ఇష్టం" అంది అమ్మ, పొడి బట్టలు మడతపెట్టి సంచిలో సర్దుతూ. "ఈసారి నేనూ వస్తా. నువ్వు ఓడిపోవడం ఎప్పుడూ చూళ్లేదు."

* * *

ఫైనల్స్ ఉదయం మీటింగు గది కిటకిటలాడింది. ముందు బల్ల దగ్గర తెల్లచొక్కాలో డాక్టరమ్మ కూర్చుంది. జేబుకి చీఫ్ రెఫరీ బ్యాడ్జి. పక్కన బట్టతల డిప్యూటీ. కోచ్‌లంతా వెనక నిలబడ్డారు. మన కోచ్ అందరికంటే వెనక, నోట్లో స్టీలు విజిల్‌తో.

ఆమె రూల్స్ చదివింది. లేన్లు చెప్పింది. తర్వాత గొంతు సవరించుకుని ఆ ప్రశ్న అడిగింది. "ఇక్కడున్న అధికారుల్లో ఎవరికైనా, ఏ టీంతోనైనా, చెప్పాల్సిన సంబంధం ఏదైనా ఉందా?"

ఎప్పుడూ ఎవరూ ఏమీ చెప్పరు. ఈసారీ చెప్పలేదు. డిప్యూటీ తర్వాతి పేజీ తిప్పబోయాడు.

చీఫ్ రెఫరీ పెన్ను బల్ల మీద పెట్టి, తాపీగా తన కుడిచెయ్యి పైకెత్తింది.

టక్కుమంది వెనకనుంచి. కోచ్ అరచేతిలో తొడుగు పన్ను తళతళలాడుతోంది. రెండో చేత్తో గబుక్కున నోరు మూసుకున్నాడు.

"ఎవరితో, మేడమ్?" అన్నాడు డిప్యూటీ అయోమయంగా.

"వెనక నోరు మూసుకుని నిలబడ్డారే, ఆయనతో."

గది మొత్తం వెనక్కి తిరిగింది.

"ఏం సంబంధం?"

"దానికో పేరు ఇంకా పెట్టలేదు. ఆయన్ని అడిగితే ఏమీ లేదన్నారు" అంది ఆమె. ఎత్తిన చెయ్యి దించలేదు. "నా వైపు నుంచి మాత్రం ఉంది. చాలా ఉంది. అది దాచుకుని నేనీ కుర్చీలో కూర్చోలేను."

కోచ్‌కి ఆమె మొదటిసారి చెయ్యెత్తిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు కొంప మునిగిందనుకున్నాడు. ఈ రోజు ఆ చెయ్యి తన కోసం లేచింది. ఇంత ధైర్యమున్న మనిషిని గొడుగు కింద నిలబెట్టి తను నేర్పిన మాట ఏమిటి? నోటి మీంచి చెయ్యి తీసేశాడు.

"ఉంది" అన్నాడు. పన్ను సందులోంచి ఈల కూడా వచ్చింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అతను ఆగలేదు. "నా వైపు నుంచీ ఉంది. పన్ను విరిగిన మర్నాటి నుంచీ ఉంది. చెప్పకపోవడం నా తప్పు. కావాలంటే మా టీంని విరమించుకుంటాను, ఆవిడ్ని మాత్రం ఆ కుర్చీలో ఉండనివ్వండి."

"కూర్చోండి!" అంది డాక్టరమ్మ. "ఆ పిల్లలు ఏడాదంతా చలిలో ఈదారు. అది మీ జేబులో సొమ్మా, తీసి నాకివ్వడానికి?"

కూర్చోవడానికి కుర్చీ లేదు. అయినా కోచ్ కూర్చున్నాడు, నేల మీద.

ఆమె బ్యాడ్జి విప్పి డిప్యూటీ చేతిలో పెట్టింది. పెట్టేముందు ఒక్క క్షణం దాన్ని బొటనవేలితో తుడిచింది. తర్వాత తలెత్తుకుని గది దాటి వెళ్లింది.

* * *

కప్ప రేసు మొదలయ్యేసరికి మీటింగు గది సంగతి కొలను చుట్టూ పాకిపోయింది. గ్యాలరీలో ఒక పక్క పెద్ద రెఫరీ, మధ్యలో డాక్టరమ్మ, ఇంకో పక్క ఒడిలో సంచితో కోచ్ అమ్మ. ఆవిడ అక్కడికెలా చేరిందో తెలియదు గానీ, అప్పటికే డాక్టరమ్మకి తన కింది దవడ నొప్పి గురించి చెప్పడం మొదలుపెట్టింది.

కప్పా పక్క లేన్ పిల్లా పోటాపోటీగా వచ్చారు. చివరికొచ్చేసరికి ఎవరు ముందో తెలియడం లేదు. కప్పకి పాత ఆత్రం వచ్చి ఒక చెయ్యి విసిరితే గెలుపు ఖాయం. ఓటమీ ఖాయం. కోచ్ విజిల్ని చొక్కా జేబులో, ఊడిన తొడుగు పక్కన పడేసి, దేన్నీ కొరక్కుండా ఊపిరి బిగబట్టాడు.

కప్ప రెండు బొటనవేళ్లూ పక్కపక్కన పెట్టుకుని, లేని దారం తెగకుండా, గోడని తాకింది.

కోచ్ లేన్ చివరికి చూశాడు. అక్కడి జడ్జి చేతులు కిందే ఉన్నాయి. నమ్మకం కుదరక గ్యాలరీలోకి చూశాడు. డాక్టరమ్మ రెండు చేతులూ కలిపి చప్పట్లు కొడుతోంది, కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయి.

బోర్డు మీద కప్ప లేన్ పక్కన ఒకటి అంకె వెలిగింది.

"సార్ని పట్టండ్రా!" అని పడవ అరిచాడు.

కోచ్ పరిగెత్తలేదు. ఇన్నేళ్లుగా ఎదురుచూసిన దానికి పరిగెత్తడం ఎందుకు? కాళ్లొకరు, చేతులొకరు పట్టుకుని ఊపి ఊపి వదిలారు. నీళ్లు లేచి గ్యాలరీ ముందు వరస దాకా పడ్డాయి.

తేలగానే ఎదురుగా గట్టు మీద, గ్యాలరీ దిగి వచ్చిన డాక్టరమ్మ పాదాలు కనపడ్డాయి. కోచ్ బూట్లతో సహా బ్రెస్ట్ స్ట్రోక్ వేసుకుంటూ వచ్చి, ఆమె ముందు గోడకి రెండు చేతులూ ఆనించాడు.

"నన్ను పెళ్లి చేసుకుంటావా?" అన్నాడు. అద్దం ముందు కంఠతా పట్టింది ఒక్క ముక్క గుర్తు లేదు. ఈల మాత్రం వచ్చింది.

"స్టీలు విజిల్ కొరికావా?"

"కొరికాను."

"ఊడితే నా దగ్గరికి రావొద్దన్నానా?"

"అన్నావు. వచ్చాను."

"పన్నేది?"

కోచ్ చొక్కా జేబు తడుముకున్నాడు. విజిల్ ఉంది. పన్ను లేదు. టీం మొత్తం ఒక్క మాట కూడా అడక్కుండా దబదబా నీళ్లలోకి దూకింది. బంగారు పతకం కోసం కూడా వాళ్లు అంత జోరుగా దూకి ఉండరు. కాసేపటికి కప్ప అడుగునుంచి పైకి తేలి, రెండు వేళ్ల మధ్య దాన్ని ఎత్తి చూపించింది.

డాక్టరమ్మ పన్ను అందుకుని రుమాల్లో చుట్టింది. వంగి కోచ్ చెవి దగ్గర అంది. "చేసుకుంటాను. కానీ నువ్వు నా కుర్చీ పోగొట్టావు. వచ్చే ఏడు నీ టీం లేని ఫైనల్స్‌కి నన్ను వేస్తామని డిప్యూటీ గారు మాటిచ్చారు. ఆ రోజు నువ్వు గ్యాలరీలో కూర్చుని, నోట్లో ఏమీ పెట్టుకోకుండా, నా కోసం చప్పట్లు కొట్టాలి."

"చప్పట్లు కొట్టడం నాకు బాగా అలవాటు" అన్నాడు కోచ్. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ మాట అంటుంటే నవ్వొచ్చింది.

చేతికర్ర చప్పుడైంది. పెద్ద రెఫరీ గట్టు చివరికి వచ్చి నిలబడి గోడకేసి చూస్తున్నాడు. కొలను చుట్టూ సద్దుమణిగింది. కోచ్ చేతులు తీయలేదు, తీయడానికి ధైర్యం చాలలేదు.

పెద్దాయన కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది.

కోచ్‌కి చన్నీళ్లలో చెమట పట్టింది. గ్యాలరీలో అమ్మ సంచి గుండెకి హత్తుకుంది.

ఆ చెయ్యి ముక్కు దాకా వచ్చి, జారిన కళ్లద్దాలు సర్దుకుని, కిందికి దిగింది.

"రెండు చేతులూ ఒకేసారి తగిలాయి" అన్నాడు పెద్ద రెఫరీ. "నేను చూశాను. తప్పేం లేదు. ఏం పన్నూ, కాఫీ తాగుతావా?"